సీ డ్రైవ్ ఒక్కటే చాలా, డీ కూడా కావాలా?

పరకాల డీటీపీ:
అన్నలారా, సరిగ్గా పెళ్లికార్డుల సీజన్‌లో సిస్టమ్ మొరాయించింది. డేటా దాచే డిస్క్ 256 జీబీ ఎస్ఎస్‌డీ, లోపల చూపించేది 238. కొన్నప్పుడు షాపాయన సీకి 80 పెట్టి మిగతాదంతా డీకి ఇచ్చాడు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా అని పోయిన వారం 11 ఎక్కించాను. ఇప్పుడు సీ నిండిపోయి ఎర్రగీత. డీని ష్రింక్ చేసి, అంటే కుదించి, 50 జీబీ తీశాను. సీ మీద రైట్ క్లిక్ చేస్తే సైజు పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ వెలిసిపోయి ఉంది, నొక్కితే పలకదు. అసలు ఈ రెండు డ్రైవ్‌ల గోల ఎందుకు?

లష్కర్ బజార్ టీచర్:
ఎందుకూ లేదు. ఒక్క డ్రైవే ఉంటే మీకీ తిప్పలు వచ్చేవి కావు. పక్కన వంద జీబీ ఖాళీ పెట్టుకుని ఇక్కడ చోటు లేదని ఏడవడమేంటి?

చౌరస్తా రిపేర్:
మేడం, రోజూ సిస్టమ్‌లు విప్పేవాణ్ని నేను. వైరస్ వచ్చినా, విండోస్ పోయినా సీ ఫార్మాట్ కొడతాం, డీలో డేటా పదిలం. తమ్మీ, డీని ష్రింక్ చేస్తే ఖాళీ డీ చివర్లో వస్తుంది. సీకి కావాల్సింది తన కుడి పక్కన ఆనుకుని ఉన్న ఖాళీ. అందుకే పలకట్లేదు.

కాజీపేట కుర్రాడు:
లైనక్స్ వేసుకో అన్నా.

లష్కర్ బజార్ టీచర్:
పదిలమా? రెండూ ఉండేది ఒక్క ఎస్ఎస్‌డీలోనే. అది కాలిపోతే డీ ఒక్కటే మిగులుతుందా?

చౌరస్తా రిపేర్:
కాలిపోవడం గురించి ఎవరు మాట్లాడారు? నేను చెప్పేది ఫార్మాట్ గురించి.

లష్కర్ బజార్ టీచర్:
ఫార్మాట్ గురించే చెప్తా, వినండి. మూడేళ్ల కింద ల్యాప్‌టాప్ బాగుకు ఇచ్చా. షాపు పేరు చెప్పను. సాయంత్రానికి కొత్త పెళ్లికూతురిలా తిరిగొచ్చింది. డెస్క్‌టాప్ మీద మా నాన్న చెప్పిన ఒగ్గు కథ రికార్డింగులు ఉండేవి, 14 ఫైళ్లు. ఒక్కటీ లేదు. అప్పటికే నాన్న లేడు. డీ మాత్రం పదిలంగా ఉంది, అందులో పాత ప్రశ్నపత్రాలు.

చౌరస్తా రిపేర్:
డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే మేడం. అది చిన్నపిల్లలకూ తెలుసు.

లష్కర్ బజార్ టీచర్:
నాకు తెలియదు! కళ్ల ముందు కనిపించేది సీలో ఉంటుందని ఏ షాపాయన చెప్పాడు? డీ ఉందిగా అన్న ధీమాతోనే ఫార్మాట్ కొట్టేస్తారు మీరు.

జమ్మికుంట:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

చౌరస్తా రిపేర్:
"మీరు" అంటే నేనా? చేతికొచ్చేది 300. డేటా ఏమన్నా ఉందా అని అడిగితే "ఏం లేదు, తొందరగా ఇయ్యి" అంటారు. అవతల మనిషి స్కూటర్ ఇంజన్ కూడా ఆపడు. పోయాక బజారుకు ఎక్కేది మాత్రం మేమే.

లష్కర్ బజార్ టీచర్:
నన్ను అడగలేదు. నా బాధ అదొక్కటే. డ్రైవ్‌లు ఒకటైతేనేం, పదైతేనేం.

పరకాల డీటీపీ:
అయ్యా, నా సీ డ్రైవ్...

చౌరస్తా రిపేర్:
ఆగు తమ్మీ, చెప్తా. ఇప్పుడు ఫార్మాట్ ఊసెత్తకు, నీ అను ఫాంట్లు కూడా విండోస్ ఫోల్డర్‌తోనే పోతాయి. పోయిన వారమే 11 వేశావంటే పాత విండోస్ మొత్తం విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో కూర్చుని ఉంటుంది. పది రోజులకు అదే పోతుంది. ఆగలేకపోతే డిస్క్ క్లీనప్‌లో సిస్టమ్ ఫైల్స్ అని నొక్కి తీసెయ్, మళ్లీ 10కి వెళ్లే దారి మాత్రం ఉండదు. ర్యామ్‌లో ఉన్నది డిస్క్‌లో దాచి సిస్టమ్‌ను పడుకోబెట్టే హైబర్నేట్ ఆపితే ఇంకో మూడు జీబీ దాకా వస్తుంది, నీది 8 జీబీ ర్యామ్ అయితే. సీకి డీకి మధ్య రికవరీ అని, విండోస్ చెడితే బాగుచేసుకునే చిన్న ముక్క కనిపిస్తే దాని జోలికి పోకు.

పరకాల డీటీపీ:
విండోస్.ఓల్డ్ ఒక్కటే 21 జీబీ ఉందన్నా! గీత నీలమైంది. ఆ ముక్క కూడా ఉంది, ముట్టుకోలేదు.

చౌరస్తా రిపేర్:
మేడం, ఆ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీనా, పాత హార్డ్ డిస్కా?

లష్కర్ బజార్ టీచర్:
హార్డ్ డిస్కే. ఆ రోజు నుంచి ఆన్ చేయలేదు, బీరువాలో పడి ఉంది. ఎందుకు?

చౌరస్తా రిపేర్:
ఎస్ఎస్‌డీ అయితే ఆశ వదులుకోమనేవాణ్ని. హార్డ్ డిస్క్‌లో పైన వేరేది రాయనంత వరకు పాతది అడుగున ఉంటుంది. కొత్త విండోస్ కొంత తొక్కేసి ఉంటుంది, గ్యారంటీ ఇవ్వను. ఆన్ చేయకుండా అలాగే పట్టుకురండి.

లష్కర్ బజార్ టీచర్:
ఆదివారం తెరుస్తారా?