కిల్న్ మీటర్ 950 దగ్గరే ఉంది, రెండో లోడ్ మాత్రం మాడుతోంది

పలమనేరు_బట్టీ: టెర్రకోట కిల్న్‌కి (బట్టీకి) కె టైప్ థర్మోకపుల్ ఉంది, అంటే వేడి కొలిచే జంట తీగల ప్రోబ్. కంట్రోలర్ పక్క గదిలో. మధ్యలో మామూలు రాగి వైరు. మొదటి లోడ్ బాగా కాలుతుంది, వెంటనే పెట్టింది నల్లబడుతుంది. మీటర్‌లో తేడా లేదు. జె టైప్ అనే ఇంకో రకం థర్మోకపుల్‌కి మారమంటారా?

రేణిగుంట_ఇన్‌స్ట్రుమెంట్: తప్పు ఆ రాగి వైరుదే అన్నా. కె టైప్‌లో ఉండే క్రోమెల్, అల్యూమెల్ అనే రెండు మిశ్రలోహాల తీగల రెండు చివరల మధ్య వేడి తేడా ఉంటేనే వోల్టేజీ వస్తుంది, డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు. 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త చూసింది ఇదే. గదిలో వేడి ఎంతో కంట్రోలర్ తనే కొలిచి కలుపుకుంటుంది. థర్మోకపుల్ హెడ్ (ప్రోబ్ తీగలకి రాగి వైరు కలిపే చోటు) దగ్గర 80, గదిలో 35 ఉంటే మధ్యలోని 45 డిగ్రీలు లెక్కలోకే రావు. మీటర్ 950 అంటే లోపల 995. మొదటి లోడ్‌కి హెడ్ ఇంకా కాగదు, అందుకే అది బాగుంటుంది. రాగి వైరు తీసేసి కాంపెన్సేటింగ్ కేబుల్ వేయండి, అది కె టైప్ తీగల్లాగే వోల్టేజీ ఇచ్చే కేబుల్.

పల్ప్_లైన్_చిత్తూరు: వేసేటప్పుడు ఎర్ర తీగ ప్లస్‌కి.

రేణిగుంట_ఇన్‌స్ట్రుమెంట్: దయచేసి అలా చెప్పకండి! అమెరికా కోడ్‌లో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఐఈసీ అనే అంతర్జాతీయ కోడ్‌లో పచ్చ ప్లస్, తెలుపు మైనస్. రెండు చివర్లా తిరగేస్తే 45 తేడా కాస్తా 90 అవుతుంది.

పల్ప్_లైన్_చిత్తూరు: మా ప్యానెళ్లన్నిటిలో ఎరుపే ప్లస్. తోతాపురి సీజన్లో రాత్రింబవళ్లు లైన్ నడిపేవాళ్లం, మాకు నేర్పుతారా?

కాళహస్తి_ఫౌండ్రీ: మీ పల్ప్ లైన్లో ఉండేది పీటీ100 సార్, థర్మోకపుల్ కాదు. అది వేడిని బట్టి మారే రెసిస్టెన్స్, దానికి ప్లస్, మైనస్ లేవు. కరిగిన ఇనుములో ప్లాటినం టిప్ ముంచి చూసేవాణ్ణి, ఈ పనిలోనే జుట్టు నెరిసింది. రంగులు నమ్మొద్దు, చల్లగా ఉన్నప్పుడు అయస్కాంతం పెట్టండి. అంటుకునేది అల్యూమెల్, అదే మైనస్.

రేణిగుంట_ఇన్‌స్ట్రుమెంట్: ప్రోబ్ తీగలకైతే సరే. కేబుల్‌కి ఆ పరీక్ష పెట్టొద్దు, కొన్ని చౌక రకాల్లో ప్లస్ తీగే ఇనుము.

తిరుపతి_డిప్లొమా: వోల్టేజీ పుట్టేది జాయింట్‌లోనే కదా?

కాళహస్తి_ఫౌండ్రీ: కాదు బాబూ. తీగ పొడవునా, వేడి ఎక్కడ మారుతుంటే అక్కడ. జాయింట్ కలుపుతుంది, అంతే. అందుకే కొలిమి గోడలో ఉన్న తీగ పాడైతే కొస ఎంత బాగున్నా రీడింగ్ తప్పే.

పల్ప్_లైన్_చిత్తూరు: పీటీ100 సంగతి ఒప్పుకుంటా. మాట తీరు మార్చుకోండి.

పలమనేరు_బట్టీ: జె టైప్ సంగతి ఎవరూ చెప్పలేదు.

రేణిగుంట_ఇన్‌స్ట్రుమెంట్: వద్దన్నా. అందులో ఒక తీగ ఇనుము, 750 దాటితే నిలవదు. కె టైపే ఉంచి కేబుల్ మార్చండి.