పొలుసుల కొల్లాజెన్ స్పాంజి జావైపోతోంది

ప్రశ్న: మాది భీమవరం పక్క పల్లె. బొచ్చె చేప పొలుసుల నుంచి కొల్లాజెన్ (చర్మానికి బలమిచ్చే ప్రోటీన్) తీసి, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కృత్రిమ చర్మం స్పాంజి చేస్తున్నాను. ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి ఆరబెట్టడం) చేస్తే దూదిలా వస్తోంది. 37 డిగ్రీల సెలైన్‌లో వేస్తే తెల్లారేసరికి జావ! పోగుల్ని ముడేసే గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనం కలపనా? వైవా టెన్షన్.

జవాబు: గట్టిపడుతుంది గానీ, లోపల మిగిలింది కణాల్ని చంపుతుంది. బదులుగా ఈడీసీ అనే రసాయనం వాడండి. అది పోగుల్ని ముడేస్తుంది, తను మాత్రం ముడిలో ఉండదు, కడిగితే పోతుంది. చేప కొల్లాజెన్ వేడికి ఆవుదాని కంటే త్వరగా లొంగుతుంది, అందుకే జావ.

జవాబు: 1981లో బర్క్, యానస్ అనే పరిశోధకులు ప్రచురించిన, కాలిన గాయాలకు వాడిన కృత్రిమ చర్మంలో కొల్లాజెన్‌కి కాండ్రాయిటిన్ సల్ఫేట్ (మృదులాస్థిలో ఉండే చక్కెర గొలుసు) కలిపారు. రంధ్రాలు విచ్చుకుంటాయి, ఎంజైములు తొందరగా తినలేవు.

ప్రశ్న వేసినవారు: అది కొనే స్తోమత లేదండి. రొయ్య పెంకులకు మా దగ్గర కొదవా? వాటి నుంచి తీసే చిటోసాన్ కొంచెం కలిపి, ఈడీసీతో ముడేసి చూస్తా.

జవాబు: పోలికకి, చిటోసాన్ కలపకుండా చేసిన ముక్క కూడా పక్కనే నానబెట్టండి. వైవాలో మొదట అదే అడుగుతారు.