మార్స్ వాతావరణం మోడలింగ్ వర్క్‌షాప్ మన పిల్లలకెందుకు? చెప్పండి సార్లూ

రొయ్యలగుంట:
మా పాప నెల్లూరులో బీటెక్ మూడో సంవత్సరం. కాలేజీలో ఐదు రోజుల వర్క్‌షాప్ అంట, అంగారకుడి మీద గాలి, వేడి, దుమ్ము ఎట్టా తిరుగుతాయో కంప్యూటర్లో మోడల్ చేయడం నేర్పిస్తారంట, ఫీజు 2,500. కట్టమంటోంది. డబ్బు పెద్ద విషయం కాదు గానీ నాకు మండేదేందంటే, 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మొదట నెల్లూరుకీ మచిలీపట్నానికీ మధ్య తీరం దాటుతుందన్నారు. ఆ రెండిటి మధ్య 200 కిలోమీటర్ల పైనే ఉంది. చివరికి 5వ తేదీ బాపట్ల దగ్గర దాటింది. ఆ మూడు రోజులూ ముందే రొయ్యలు పట్టేసుకోవాలా, నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లకి డీజిల్ తెచ్చిపెట్టుకోవాలా తేల్చుకోలేక చెరువు గట్టు మీదే పడుకున్నా. ఇక్కడి గాలి సంగతే తేలలేదు, కుజుడి మీద గాలి ఎందుకు? కుజదోషం లెక్కలేసేవాళ్లు మన దగ్గర తక్కువా?

కావలి ఫిజిక్స్ మాస్టారు:
రిటైరయ్యాను కాబట్టి తీరిగ్గా చెబుతాను. మార్స్ మోడల్ అనేది ఆకాశం నుంచి ఊడిపడలేదు. లియోవీ, మింట్జ్ అనే ఇద్దరు 1969లో భూమి కోసం రాసిన మోడల్నే తీసుకుని, సముద్రాలు తీసేసి, గాలి మార్చి అంగారకుడికి నడిపారు. ఇప్పటికీ అంతే, నాసా వాళ్ల ఏమ్స్ పరిశోధన కేంద్రం మార్స్ మోడల్ లోపల గాలి కదలిక లెక్కగట్టే భాగం భూమి మోడళ్ల కోసం తయారైనదే. గ్రహం చుట్టూ ఉన్న గాలిని గడులుగా కోసి, ఒక్కో గడిలో పీడనం, వేడి, గాలి వేగం పెట్టి, కొన్ని నిమిషాల తర్వాత ఎంతవుతాయో లెక్కేసి, మళ్లీ దాని మీద లెక్కేస్తూ పోవడం. తుఫాను మోడల్ చేసే పనీ అదే.

కాకపోతే అక్కడ పాఠం చెప్పడం సులువు. గాలిలో 95 శాతం కార్బన్ డై ఆక్సైడే, నేల దగ్గర పీడనం 6 మిల్లీబార్లు, మనకి 1,013. చలికాలంలో ధ్రువం దగ్గర ఆ గాలే గడ్డకట్టి నేల మీద పడిపోతుంది. గ్రహం మొత్తం మీద దాదాపు నాలుగో వంతు పీడనం అట్టా తగ్గి, మళ్లీ పెరుగుతుంది. 1976లో దిగిన వైకింగ్ నౌకలు దీన్ని కొలిచాయి. మోడల్ నడిపి, పీడనం అట్టా తగ్గి పెరిగే గీత వచ్చిందో లేదో పిల్ల తనంతట తను పోల్చి చూసుకోవచ్చు. భూమి మీద ఇంత శుభ్రంగా కనపడే ఉదాహరణ నాకు నలభై ఏళ్ల ఉద్యోగంలో దొరకలేదు.

ఒంగోలు గిత్త:
మాస్టారూ మీరు చెప్పింది బాగుంది గానీ మీరు చెప్పే వర్క్‌షాప్ వేరు, జరిగే వర్క్‌షాప్ వేరు. నేనొకదానికి వెళ్లా, ఎక్కడో చెప్పను. మొదటి రోజు దీప ప్రజ్వలన, శాలువాలు. రెండు, మూడు రోజులు ల్యాప్‌టాప్‌లలో లినక్స్ ఎక్కించడానికే సరిపోయాయి, సగం మందికి ఎక్కలేదు. నాలుగో రోజు ఎవరో ఎప్పుడో నడిపిన మోడల్ ఫైల్ తెచ్చి దానికి రంగులేసి చూపించారు. ఐదో రోజు సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. ఆ ఫైల్లో ఎర్రగా ఉన్నది వేడా, దుమ్మా అని నాకిప్పటికీ అనుమానమే.

షార్ రోడ్డు:
అన్నా, ఎవరో నడిపిన ఫైల్ తేవడం తప్పు కాదు. పెద్ద మోడల్ ఒక మార్స్ సంవత్సరం, అంటే మన 687 రోజులు, నడవాలంటే మన ల్యాప్‌టాప్‌ల వల్ల కాదు. ఏమ్స్ వాళ్లు కూడా నడిపిన ఫైళ్లూ, వాటిని విప్పి చూసే పైథాన్ పనిముట్లూ బయట పెట్టారు, నేర్చుకునేవాళ్లు చాలామంది అక్కడే మొదలెడతారు. అసలు లాభం ఇంకోటుంది. ఆ ఫైల్ నెట్‌సీడీఎఫ్ అనే రకం, గడుల వారీ, రోజుల వారీ లెక్కలు దాచే ఫైల్. మన వాతావరణ శాఖ 1901 నుంచి దేశమంతా రోజువారీ వాన లెక్కలు ఇచ్చేది కూడా అదే రకంలో. ఒకటి విప్పడం వస్తే రెండోదీ వచ్చినట్టే. పైగా 2013 నవంబర్ 5న మంగళయాన్ లేచింది శ్రీహరికోట నుంచి, అప్పుడది మన నెల్లూరు జిల్లానే. మేడెక్కి పొగ చూసినవాళ్లం, మనకెందుకు అంటే ఎట్టా?

రొయ్యలగుంట:
పొగ నేనూ చూశా తమ్ముడూ, పొగ చూస్తే చెరువు నిండదు. మాస్టార్ని ఒకటి అడుగుతా. సముద్రాలు తీసేశారన్నారు. మా ప్రాణం తీసేదే సముద్రం. వాన కురిస్తే చెరువు నీళ్లలో ఉప్పు తగ్గిపోద్ది, రెండు రోజులు మబ్బేస్తే ఆక్సిజన్ పోయి తెల్లారేసరికి రొయ్య తేలుద్ది. సముద్రం, వాన లేని మోడల్ నేర్చుకుని వచ్చి మా పాప నాకేం చెబుద్ది?

కావలి ఫిజిక్స్ మాస్టారు:
గట్టి దెబ్బే కొట్టావబ్బాయ్. ఒప్పుకుంటున్నా, నీటి ఆవిరి మేఘమయ్యేటప్పుడు విడిచే వేడే తుఫానుకి తిండి, ఆ పాఠం మార్స్ దగ్గర దొరకదు. అక్కడ ఆ స్థానం దుమ్ముది. దుమ్ము ఎండని పీల్చి గాలిని వేడెక్కిస్తుంది, కింద నేల పగలు చల్లబడుతుంది, గాలి జోరెక్కితే ఇంకా దుమ్ము లేస్తుంది. 1971లో మారినర్ 9 నౌక అక్కడికి చేరేసరికి దుమ్ము తుఫాను గ్రహమంతా కప్పేసి ఏమీ కనపడలేదు. 2018లో ఇంకోటి వచ్చి, పద్నాలుగేళ్లు తిరిగిన ఆపర్చునిటీ రోవర్‌కి ఎండ లేకుండా చేసి నోరు మూయించింది. అంత పెద్దది ఏ ఏడాది వస్తుందో మోడళ్లు ఇప్పటికీ ముందుగా చెప్పలేవు.

ఒంగోలు గిత్త:
అంటే అక్కడా నెల్లూరు–మచిలీపట్నం మధ్యే అన్నమాట 😀

కనిగిరి బోరు:
మా వైపుకొచ్చి చూడండి, సముద్రం లేని మోడల్ మాకు సరిగ్గా సరిపోద్ది. ఇంతకీ ఆ కాలేజీలో వానమాపకం ఉందా?

కావలి ఫిజిక్స్ మాస్టారు:
నవ్వులాట పక్కన పెట్టి, రొయ్యలగుంటా, ఫీజు కట్టే ముందు కాలేజీని ఒక్క ప్రశ్న అడుగు. గాలిలో దుమ్ము సున్నా పెట్టి ఒకసారి, పెంచి ఒకసారి, పిల్లలే తమ చేత్తో మార్చి నడుపుతారా అని. గడులు తక్కువున్న చిన్న మోడలైనా చాలు. అట్టా చేస్తే 2,500 కాదు, 5,000 అయినా కట్టు. చేయరంటే గిత్త చెప్పిన శాలువాల జాతరే.

రొయ్యలగుంట:
మూడు రోజుల తర్వాత రాస్తున్నా. ఫోన్ చేశా. ఎత్తినాయన "ప్రాక్టికల్స్ ఉంటాయి సార్" అన్నాడు. దుమ్ము సంగతి అడిగితే ల్యాబ్ శుభ్రంగానే ఉంటుందన్నాడు. కట్టలేదు.

పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు. షార్ రోడ్డు రాసింది చూపిస్తే ఆ వాన ఫైల్ దించుకుంది, రాత్రి ఒంటిగంట దాకా కూచుని 2015 నవంబర్ తీసింది. ఆ నెల వానలు మనలో ఎవరు మర్చిపోతారు, నాకు రెండు చెరువులు తెగిపోయాయి. గీత అయితే నిటారుగా లేచింది గానీ ఇప్పుడు కొత్త పేచీ. ఒక్కో గడి పావు డిగ్రీ అంట, అంటే 27 కిలోమీటర్లు. మా చెరువూ, ఆ అవతల మండలమూ ఒకే గడిలో పడ్డాయి, రెండు చోట్లా ఒకే వాన పడినట్టు చూపిస్తోంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నా, అట్టా పడలేదు. గడి చిన్నది చేస్తే సరిపోద్దా, చిన్నది చేయడానికి అక్కడ కొలిచినవాళ్లుండాలా అని నన్నడుగుతోంది. నాకేం తెలుసు మాస్టారూ, ఆదివారం కావలి తీసుకురమ్మంటారా?

కనిగిరి బోరు:
వానమాపకం సంగతి ఎవరూ చెప్పలా.

రొయ్యలగుంట:
ఉందంట. మేడ మీద. అందులో పావురం గుడ్లు పెట్టిందంట.