నూతిపై చేతిపంపు ఊగకుండా బిగించడం ఎలా?

ప్రశ్న (సోంపేట వైపు నుంచి)
2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేక మోటారు మూలపడి, మా అమ్మగారు చేంతాడుతో నీళ్లు తోడిన రోజులు మరిచిపోలేక, ఈమధ్య పెరటి నూతికి చేతిపంపు పెట్టించాను. నుయ్యి నాలుగడుగుల వెడల్పు ఒరలది; మండువేసవిలో నీళ్లు ఇరవై అడుగుల లోతున ఉంటాయి. అడ్డంగా వేసిన రెండు తాటిదూలాలకు పంపును బోల్టులతో బిగించారు. నెల తిరక్కుండానే పిడి కొట్టినప్పుడల్లా పంపు మొత్తం ఊగుతోంది, ధారలో బుడగలు వస్తున్నాయి, పొద్దున్నే చెంబెడు నీళ్లు పోస్తే గానీ నీరు ఎక్కడం లేదు. ముందు ఏది సరిచేయించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (చీపురుపల్లి)
అయ్యా, మీరు చెప్పినవి మూడు లక్షణాలైనా వాటి వెనక ఉన్న లోపాలు రెండే. రాత్రికి రాత్రి పైపు ఖాళీ అవుతోందంటే అడుగున ఫుట్ వాల్వు నీటిని పట్టి ఉంచడం లేదని అర్థం. బుడగలకు కారణం మాత్రం ఊగుడే: పైపు బరువంతా పంపుకే వేలాడుతుంది కనుక, పిడి కొట్టిన ప్రతిసారీ పై జాయింటు మరలు కొద్దికొద్దిగా వదులై గాలి పీలుస్తాయి. అందువల్ల దూలాలను అలాగే ఉంచి ఎన్నిసార్లు టేపు చుట్టించినా ఆ ఖర్చు వృథాయే. మరొక మాట: గాలి పీడనం లెక్కకు నీటిని 34 అడుగుల వరకు ఎత్తగలిగినా, ఇటువంటి పంపు నమ్మకంగా లాగేది 22, 23 అడుగుల నుంచే. ఆ కొలత పంపు సిలిండరు నుంచి నీటిమట్టం వరకు తీసుకోవాలి కాబట్టి పంపును ఎత్తైన దిమ్మె మీద పెట్టించకండి.

జవాబు (బొబ్బిలి)
తాటిదూలం ఎండేకొద్దీ బోల్టు రంధ్రం పెద్దదవుతుంది. దానిని ఎంత బిగించినా నిలవదు. ఒరల మీద నాలుగంగుళాల మందాన స్లాబు పోయించి, 8 మిల్లీమీటర్ల చువ్వలను ఆరంగుళాలకొకటి చొప్పున రెండు వైపులా కట్టించండి. పంపు అడుగుపళ్లెం రంధ్రాలను ఒక చెక్క మీద గుర్తు పెట్టుకొని, కింది కొస వంచిన బోల్టులను ఆ కొలతకే చువ్వలకు కట్టించి, ఆ తరువాతే కాంక్రీటు పోయించాలి. మోటారు పైపుకు దారి, మనిషి దిగేంత మూత తప్పక వదలండి. ఇవి మరిచిపోయి స్లాబు పగలగొట్టించినవారిని చూశాను. వారం పాటు తడి గోనెసంచులు కప్పి, పదో రోజు తరువాత పంపు ఎక్కించండి. పైపును మధ్యలో ఒరకు క్లాంపుతో పట్టించే పని స్లాబుకు ముందే పూర్తి చేయాలి. నూతిలోకి దిగేవారి నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు ఉండాలి. ముందుగా దింపిన దీపం ఆరిపోతే ఎవరూ దిగనే కూడదు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. పైపు పైకి తీయించగా ఫుట్ వాల్వు బిళ్ల కింద జీడాకు ముక్క ఇరుక్కుని కనబడింది. క్లాంపు బిగించి, మొన్న ఆదివారం స్లాబు పోయించాము. పిల్లలు ఎక్కకుండా చుట్టూ కంప వేసి గోనెలు తడుపుతున్నాము. పదో రోజు వరకు మోటారు నీళ్లతోనే సరిపెట్టుకుంటున్నాము.