కీమో నడుస్తున్న బిడ్డను ఆడనివ్వాలా, పడుకోబెట్టాలా?

పలమనేరు నాన్న:
మా పాపకు ఏడేళ్లు. రక్త క్యాన్సర్‌కు వేలూరులో కీమో నడుస్తోంది. రోజూ కాసేపు నడిపించండి, ఆడించండి అంటున్నారు డాక్టరు. మా అమ్మ ససేమిరా ఒప్పుకోవడం లేదు. "నిలబడితేనే తూలిపోతున్న బిడ్డను ఇంకా నడిపిస్తారా?" అని నిలదీస్తోంది. పాప నీరసం అంటూ ఎప్పుడూ మంచం మీదే. మీ ఇళ్లలో ఏం చేశారు?

చంద్రగిరి అవ్వ:
మీ అమ్మ మాటే నిజం నాయనా. మా మనవడికీ ఇదే జబ్బు. ప్లేట్‌లెట్లు పడిపోయాయని తెలియక వీధిలో ఆడుకోనిచ్చాం. గడప తగిలి పడ్డాడు. మోకాలు నల్లగా కమిలింది, ముక్కు నుంచి రక్తం ఆగలేదు. రాత్రికి రాత్రే ఆటోలో తిరుపతికి పరుగెత్తాం. ఆటలు ఎక్కడికీ పోవు, ముందు బిడ్డ దక్కాలి.

తిరుపతి ఫిజియో:
అవ్వా, మీ భయంలో న్యాయం ఉంది. కానీ ఇది పడుకుంటే తీరే నీరసం కాదు. మామూలు అలసట ఒక నిద్రతో పోతుంది, ఇది పోదు. పడుకున్నకొద్దీ కండ కరుగుతుంది. కండ కరిగితే నాలుగడుగులకే ఆయాసం, ఆయాసం వస్తే మళ్లీ మంచం.

దీనికి మందులూ తోడవుతాయి. స్టెరాయిడ్లు తొడ కండరాలను బలహీనపరుస్తాయి, ఎముకలను పలచబరుస్తాయి. విన్‌క్రిస్టీన్ అనే కీమో మందు నరాలను దెబ్బతీస్తే పాదం పైకి లేవదు. పలమనేరు అన్నా, పాపను గమనించండి. బాసింపట్లు వేసుకుని అన్నం తిన్నాక నేల మీద చేతులు ఆనించకుండా లేవగలుగుతోందా? నడుస్తుంటే చెప్పు జారి వెనక ఉండిపోయినా తెలియకుండా వెళ్లిపోతోందా? మడమల మీద నడవమనండి. నడవలేకపోతే పాదం నరాల సంగతి డాక్టరుకు చెప్పాలి. ఇలాంటి పిల్లలకు పాదాన్ని పైకి వంచి సాగదీయడం, స్టూలు మీద కూర్చుని లేవడం ఆటలాగా చేయిస్తాం.

పుత్తూరు మాస్టారు:
రుజువులేవి? వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ సంస్థ, క్యాన్సర్ పిల్లల వ్యాయామంపై 2016లో ఇచ్చిన సమీక్షలో దొరికినవి ఆరు అధ్యయనాలే, మొత్తం 171 మంది. అలసట తగ్గుతుందని దాన్నిబట్టి గట్టిగా చెప్పలేం. ఇంత చిన్న లెక్క పట్టుకుని వ్యాయామమే మందు అని తల్లిదండ్రులకు ఆశ పెట్టకూడదు.

తిరుపతి ఫిజియో:
మాస్టారూ, వ్యాయామం క్యాన్సర్‌ను తగ్గిస్తుందని నేను అనలేదు, అనను. లెక్క చిన్నదన్న మాటా నిజమే. అంతమాత్రాన మంచమే మేలని తేలదు కదా! మంచాన ఉంటే కండ కరుగుతుందనడానికి రుజువుల కొరత లేదు. 2021లో పలు దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ పిల్లలకు కదలిక ముఖ్యమనే చెప్పాయి.

అయితే ఏ రోజుకు ఆ రోజే చూసుకోవాలి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఆట మాట మరచి ఆసుపత్రికి వెళ్లాలి. ప్లేట్‌లెట్లు తగ్గిన రోజుల్లో దూకడం, సైకిలు, బంతాట వద్దు. ఇంట్లో మెల్లగా నడవచ్చో లేదో డాక్టరును అడగండి. తెల్లకణాలు తగ్గితే జనంలోకి తీసుకెళ్లవద్దు. గుండెను దెబ్బతీయగల కీమో మందు డాక్సోరుబిసిన్ ఎక్కించిన పిల్లలకు గుండె పరీక్ష చూడకుండా బరువైన వ్యాయామం చేయించకూడదు.

పలమనేరు నాన్న:
ఇంకొకటి. పాపను అలిపిరి నుంచి నడిపించి కొండకు తీసుకొస్తానని అమ్మ మొక్కుకుంది. కీమో మధ్యలో విరామం వస్తే వెళ్లవచ్చా?

తిరుపతి ఫిజియో:
వద్దన్నా. 3,550 మెట్లు, పైగా ఆ జనం. చికిత్స పూర్తయి, డాక్టరు సరేనన్నాక చూడండి. మొక్కు ఆలస్యమైతే స్వామికి కోపం రాదు.

చంద్రగిరి అవ్వ:
వీధి ఆటకు నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ నువ్వు చెప్పిన చెప్పు సంగతి వింటే గుండె గుభేలుమంది. మావాడి కుడి చెప్పు కొంతకాలంగా అలాగే జారిపోతోంది. వదులైందేమోనని కొత్తవి కొన్నాం. అవీ నిలవడం లేదు.

తిరుపతి ఫిజియో:
చెప్పుల తప్పు కాకపోవచ్చు అవ్వా. తర్వాతి కీమో ఎక్కించకముందే డాక్టరుకు ఈ మాట చెప్పండి. మందు మోతాదు మార్చాలా అన్నది వాళ్లు చూస్తారు.