గొంగట్లో వెంట్రుకలా, బొచ్చా?

పాత సంచి: "గొంగట్లో తింటూ వెంట్రుకలేరినట్టు" అందరికీ తెలిసిందే. కానీ మా మేనత్త "బొచ్చేరినట్టు" అనేదని గుర్తు. పొద్దుట్నుంచీ ఇదే నాలిక మీద ఆడుతోంది. ఏది పాత పాఠం?

పాలమూరు పోరడు: వెంట్రుకలే. గొంగడంత బొచ్చే గద, దాంట్ల మళ్ల బొచ్చు ఏరుడేంది? సామెత చప్పబడుతది.

మిల్లు మాస్టారు: మాట సరే, పోగు మందం చూడండి. మెరీనో అనే సన్నపోగు గొర్రె ఉన్ని పోగు సుమారు 17 నుంచి 24 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన దక్కనీ గొర్రెది సగటున 40 దాటుతుంది, పైగా చాలా పోగులు నడుమ బోలు. ఉన్ని కొలిచేవాళ్ళు అలాంటి పోగుల్ని ఉన్ని అనరు, వెంట్రుక అనే అంటారు. సామెత కట్టినవాడు సూక్ష్మదర్శిని లేకుండానే సరిగ్గా కట్టాడు.

పెన్నా గట్టు: సామెతను మైక్రాన్లతో కొలిస్తే ఎట్టా మాస్టారూ! మా నెల్లూరు గొర్రెకి అసలు ఉన్నే ఉండదు, ఒళ్ళంతా పొట్టి వెంట్రుకలే. అందుకని "వెంట్రుకలు" మా వైపు పాఠం, "బొచ్చు" గొంగళ్ళు నేసే వైపు పాఠం అని నా లెక్క.

పాలమూరు పోరడు: మరి నేసే దిక్కోన్ని నేనే వెంట్రుకలంటున్న గదనే!

చాదస్తం: అసలు పేచీ "లో" దగ్గర. గొంగళి మీద కూర్చుని తింటారు, గొంగట్లో ఎలా తింటారు? ఇంకో సంగతి. వాకిలి–వాకిట్లో, నాగలి–నాగట్లో, గొంగళి–గొంగట్లో. దీన్నిబట్టి మూలరూపం "ళి" అనే నాకనిపిస్తుంది, "డి" కాదు.

పాలమూరు పోరడు: వానల గొర్ల కాడ గొంగడి ముసుగేసుకొని సద్ది తినెటోన్ని ఎన్నడన్న చూసినవా సారూ? వాడు గొంగట్లనే తింటడు. పోగులు గిన్నెల రాలుతయి.

మిల్లు మాస్టారు: రాలేది మందపు పోగే, గుచ్చుకునేదీ అదే. బట్టలో నూటికి అయిదు పోగులు 30 మైక్రాన్లు మించితే చాలు, మెడ దగ్గర చాలామందికి గరగరలాడుతుంది. మందం రెట్టింపైతే బిరుసు పదహారు రెట్లు. అరచేతి చర్మం మందం, ఆ గుచ్చుడు దానికి తెలియదు; అందుకే చేత్తో నిమిరి మెత్తన అనుకున్నది మెడకు చుట్టుకుంటే మెత్తన కాదు. గొర్రెపిల్ల తొలి కత్తిరింపు మెత్తగా ఉండేది పోగు సన్నమనే కాదు, కొస కత్తెర పడకుండా సూదిగా తేలిపోయి ఉంటుంది కనక.

పెన్నా గట్టు: ఒక్క పోగు దగ్గర ఇంత తగువైతే వేమన తోలు సంగతేంటి? "ఎలుక తోలు తెచ్చి ఏడాది ఉతికిన". ఎలుకా, ఎలుగా?

చాదస్తం: ఎలుగు. "నలుపు నలుపె గాని" అన్నాక ఇంకేం కావాలి? నల్లనిది ఎలుగుబంటి. ఎలుక మట్టిరంగు.

పెన్నా గట్టు: ఛందస్సు ఏమంటుంది?

చాదస్తం: ఏమీ అనదు. ఎలుక, ఎలుగు రెండూ నగణమే. ఏడాదితో యతీ రెండిటికీ చెల్లుతుంది.

పాలమూరు పోరడు: నేను ఎలుకే అంట. జానెడు తోలును ఏడాది ఉతుకుడే వేమన ఎక్కిరింపు. ఎలుగు తోలు ఉతకనీకె ఏడాది పడితే నవ్వేముంది?

చాదస్తం: ఎలుక తోలు నలుపని ముందు చూపించు, తర్వాత నవ్వుదాం.