క్విజ్ ఆటలో స్కోరు ఒకటి దాటడం లేదు

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. నెల రోజులుగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ, మా చెల్లెలి కోసం కాకతీయుల చరిత్రపై పది ప్రశ్నల చిన్న క్విజ్ ఆట రాస్తున్నాను. రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు ఏ సంవత్సరంలో వచ్చిందని అడిగితే ఆమె 2021 అని కొడుతుంది, తెరపై "సరైన జవాబు" అని కూడా వస్తుంది, కానీ ఎన్ని సరిగ్గా చెప్పినా స్కోరు మాత్రం ఒకటి దాటదు.

ప్రశ్న అడిగే ఫంక్షన్‌లో (పిలిచినప్పుడల్లా నడిచే కోడ్ భాగంలో) మొదటి వరుసలోనే స్కోరును సున్నాగా పెట్టినందున, పిలిచిన ప్రతిసారీ అది మళ్లీ సున్నా అవుతోందని ఆలస్యంగా అర్థమైంది. ఆ వరుసను బయటికి తెస్తే, స్కోరుకు ఒకటి కలిపే చోట 'అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్' (ఫంక్షన్ లోపల విలువ ఇవ్వకముందే ఆ పేరును వాడారనే లోపం) చూపించి ప్రోగ్రామ్ ఆగిపోయింది. బయటి స్కోరునే వాడమని చెప్పే 'గ్లోబల్' అనే మాట ఫంక్షన్‌లో చేర్చగానే పని జరిగింది గానీ, అది మంచి అలవాటు కాదంటారు కదా. దానికి బదులు ఫంక్షన్ నుంచి ఒకటి గానీ సున్నా గానీ రిటర్న్ చేయించి, ప్రశ్నలను ఒక్కొక్కటిగా అడిగించే బయటి లూప్‌లో కూడుకోవడమే సరైన పద్ధతి అవుతుందా?

ఇంకొక సందేహం. అత్యధిక స్కోరును టెక్స్ట్ ఫైలులో దాచి, తిరిగి చదివినప్పుడు ఇంట్‌తో సంఖ్యగా మార్చుకుంటున్నాను. అయితే మొదటిసారి ఆడేటప్పుడు ఆ ఫైలే ఉండదు కాబట్టి, లోపం వస్తే పట్టుకుని ప్రోగ్రామ్ ఆగకుండా చూసే ట్రై, ఎక్సెప్ట్ వాడటం మేలా, లేక ఫైలు ఉందో లేదో ముందే చూసుకోవాలా? అంతవరకు మా చెల్లెలు నోటుపుస్తకం వెనుక పేజీలో గీతలు గీసుకుంటూ తన స్కోరు తానే లెక్కపెట్టుకుంటోంది.